ఆంధ్ర తీరంలో విహార నౌకాయానం

విహార నౌకాయానం అనగా వ్యాపారం, చేపల వేట, యుద్ధం వంటి అవసరాలకు కాక వినోదం, క్రీడ, యాత్రల కొరకు పడవలను నడపడం, వాటిలో ప్రయాణించడం. తెరచాప పడవలు, మోటారు పడవలు, లాంచీలు, తెడ్లతో నడిపే చిన్న పడవలు అన్నీ ఈ కోవకు చెందుతాయి. ఆంధ్ర ప్రదేశ్‌కు పాత లెక్క ప్రకారం 974 కి.మీ., ఇటీవలి కొలతల ప్రకారం సుమారు 1,053 కి.మీ. సముద్రతీరం ఉన్నది. ఇంత పొడవైన తీరం ఉన్నప్పటికీ, విహార పడవల కొరకే నిర్మించి పూర్తి స్థాయిలో పనిచేసే మెరీనా ఒక్కటి కూడా ఈ తీరంలో లేదు. పడవలు వాణిజ్య రేవుల అంచులలో, చేపల రేవులలో, నదీ మొగలలో తల దాచుకుంటాయి. ఈ కారణం వలన తెలుగువారి పడవ విహారం ఎక్కువగా సముద్రాన్ని వదలి గోదావరి, కృష్ణా నదులకు, జలాశయాలకు, నగరాలలోని చెరువులకు చేరినది.

పడవను ఎక్కడ కట్టాలి, ఎక్కడినుండి బయలుదేరాలి, ఎక్కడ ఆగాలి అన్న ప్రశ్నలు విహారంలో సౌకర్యానికి సంబంధించినవిగా కనిపిస్తాయి. వాస్తవానికి అవి ప్రాణరక్షణకు సంబంధించినవి. 2017లో కృష్ణా నదిలోను, 2018, 2019లలో గోదావరిలోను జరిగిన ప్రమాదాలు ఈ విషయాన్ని స్పష్టం చేసినవి.

పదాల వివరణ

మెరీనా: తెలుగు పాఠకులకు ఈ పేరు వినగానే చెన్నైలోని మెరీనా బీచి గుర్తుకు వస్తుంది. ఆ తీరానికి 19వ శతాబ్దపు చివరి భాగంలో మద్రాసు గవర్నరుగా ఉన్న గ్రాంట్ డఫ్ ఆ పేరు పెట్టాడు. మూలభాష అయిన ఇటాలియనులో దానికి సముద్రపు ఒడ్డు అని అర్థం. నౌకాయాన పరిభాషలో మాత్రం మెరీనా అంటే విహార పడవలు నిలిపే ప్రత్యేకమైన రేవు. అలలను ఆపే రాతి కట్ట, నీటితోపాటు పైకి కిందికి కదిలే తేలుడు వేదికలు, తగినంత లోతు, మంచినీరు, ఇంధనం, విద్యుత్తు, మరమ్మత్తుకై పడవను ఒడ్డుకు లాగే ఏటవాలు దారి, మురుగు సేకరణ సదుపాయం దీనిలో భాగాలు.

చేపల రేవు: వేట పడవలు, మరపడవలు నిలిచి, చేపలు దించుకునే రేవు.

లంగరు స్థలం: ఒడ్డుకు చేరకుండా, కొంత దూరంలో లంగరు వేసి పడవ నిలుపుకునే నీటి ప్రదేశం. అక్కడినుండి చిన్న పడవలో ఒడ్డుకు రావలసి ఉంటుంది.

మొగ: నది లేదా ఏరు సముద్రంలో కలిసే చోటు. సాధారణంగా దీని ముందు ఇసుక మేట ఉంటుంది.

మునుగు లోతు: పడవలో నీటి మట్టానికి కింద ఉండే భాగపు లోతు. చిన్న క్రీడా పడవలకు ఇది కొద్ది సెంటీమీటర్లు మాత్రమే. దూర ప్రయాణం చేసే తెరచాప పడవల అడుగున కీల్ అనబడే బరువైన రెక్క ఉంటుంది కనుక వాటికి ఒకటిన్నర నుండి రెండు మీటర్లు, అంతకంటె ఎక్కువ కూడా ఉంటుంది. రేవు ఎంపికలో మొట్టమొదట చూడవలసిన అంకె ఇదే.

చరిత్ర

ఆంధ్ర తీరంలో పడవల వాడకం ప్రాచీనమైనది. మచిలీపట్నం, మోటుపల్లి, కోరంగి, భీమునిపట్నం, కళింగపట్నం ఒకప్పుడు పేరెన్నికగన్న రేవులు. కోరంగి, తాళ్ళరేవు ప్రాంతాలలో, నరసాపురం వద్ద చెక్క ఓడల నిర్మాణం జరిగేది. మత్స్యకారులు దుంగలను తాళ్ళతో బిగించిన తెప్పలను, పలకలను తాళ్ళతో కుట్టిన మసూలా పడవలను వాడేవారు. ఓడలు తీరానికి దూరంగా లంగరు వేసి నిలిచేవి. మనుషులను, సరుకులను మసూలా పడవలు అలల మీదుగా ఒడ్డుకు చేర్చేవి. మేకులు లేని కుట్టు పడవ కెరటపు దెబ్బకు వంగుతుంది కాని విరగదు. రక్షణ కలిగిన రేవులు లేని తీరంలో అటువంటి పడవ పుట్టడం సహజం.

19వ శతాబ్దంలో సర్ ఆర్థర్ కాటన్ పర్యవేక్షణలో 1847–1852 మధ్య ధవళేశ్వరం ఆనకట్ట నిర్మింపబడినది. తర్వాత తవ్విన కాలువలు సాగునీటికే కాక పడవల రాకపోకలకు కూడా ఉపయోగపడినవి. కాకినాడ నుండి దక్షిణంగా మద్రాసు మీదుగా సాగే బకింగ్‌హాం కాలువ పడవలను సముద్రపు అలలనుండి తప్పించి తీరం వెంబడి నడిపేది. రైళ్ళు, లారీలు పెరిగిన కొలది ఈ కాలువలు పూడిపోయినవి. 2008లో ఈ కాలువలను, గోదావరి, కృష్ణా నదులలోని కొన్ని భాగాలను కలిపి 4వ జాతీయ జలమార్గంగా ప్రకటించారు.

వినోదం కొరకు పడవ నడపడం బ్రిటిషు వారి కాలంలో క్లబ్బులతో మొదలైనది. బొంబాయిలో 1846లోను, మద్రాసులో 1911లోను యాట్ క్లబ్బులు ఏర్పడినవి. మద్రాసు, బొంబాయి క్లబ్బులకు పెద్ద రేవుల అండ లభించినది. ఆంధ్ర తీరంలో అలలకు అడ్డు కలిగిన ఆధునిక రేవు 1933లో విశాఖపట్నంలో ప్రారంభమయ్యే వరకు అటువంటి అవకాశం లేకపోయినది.

తీర స్వభావం

ఇసుక

బంగాళాఖాతపు పశ్చిమ తీరంలో అలలు ఒడ్డును ఏటవాలుగా తాకుతాయి. దానివలన ఇసుక ఒడ్డు వెంబడి నిరంతరం కదులుతుంది. నైరుతి ఋతుపవన కాలంలో ఈ కదలిక ఉత్తర దిశగా, ఈశాన్య ఋతుపవన కాలంలో దక్షిణ దిశగా ఉంటుంది. మొత్తం మీద ఉత్తరానికి సాగే ఇసుకే ఎక్కువ. సముద్రంలోకి రాతి కట్ట కడితే దాని దక్షిణ పక్కన ఇసుక పేరుకొని, ఉత్తర పక్కన తీరం కోతకు గురి అవుతుంది. రేవు నోటిలో చేరిన ఇసుకను ఎప్పటికప్పుడు తవ్వి తీయవలసి వస్తుంది. చిన్న మెరీనా ఈ ఖర్చును భరించడం కష్టం.

నదీ మొగల వద్ద ఇసుక మేటలు ప్రతి వరద తర్వాత స్థానం మారుతాయి. నిన్న పడవ వెళ్ళిన దారిలో నేడు మోకాలి లోతు ఉండవచ్చును. అందువలన పాత పటాలను నమ్మి మొగలలో ప్రవేశించడం ప్రమాదకరం. స్థానిక మత్స్యకారుల సలహా తీసుకోవడం పరిపాటి.

గాలులు, తుఫానులు

జనవరి నుండి మార్చి వరకు సముద్రం సాధారణంగా ప్రశాంతంగా ఉంటుంది. కొత్తవారికి ఇది అనుకూలమైన కాలం. ఏప్రిల్, మే నెలలలో దక్షిణపు గాలి బలపడుతుంది. మధ్యాహ్నం తర్వాత అలలు పెరుగుతాయి. ఈ నెలలలో తుఫానులు కూడా రావచ్చును. జూన్ నుండి సెప్టెంబరు వరకు నైరుతి గాలులు, అల్పపీడనాలు ఉంటాయి. అక్టోబరు నుండి డిసెంబరు వరకు తుఫానుల కాలం. 1839 నవంబరులో కోరంగిని, 1864 నవంబరులో మచిలీపట్నాన్ని, 1977 నవంబరులో దివిసీమను ముంచిన ఉప్పెనలు, 2014 అక్టోబరు 12న విశాఖపట్నాన్ని తాకిన హుద్‌హుద్ తుఫాను ఈ మూడు నెలలలోనే వచ్చినవి. ఈ కాలంలో పడవను నీటిలో ఉంచడంకంటె ఒడ్డుకు చేర్చి, ఎత్తైన చోట కట్టివేయడం మేలు.

ఆటుపోట్లు

గుజరాత్ తీరంతో పోల్చితే ఇక్కడ ఆటుపోట్ల వ్యత్యాసం తక్కువ. విశాఖపట్నం వద్ద పౌర్ణమి, అమావాస్యలలో అది సుమారు ఒకటిన్నర మీటర్లు. లోతైన రేవులో ఇది లెక్కలోనిది కాదు. కాకినాడ అఖాతం వంటి లోతు తక్కువ చోట్ల మాత్రం పడవ వెళ్ళగలదా, బురదలో కూరుకుపోతుందా అనేది పోటు వేళ మీద ఆధారపడుతుంది.

రేవుల ఎంపిక

విశాఖపట్నం

తీరం మొత్తంలో రక్షణ దృష్ట్యా ఉత్తమమైనది విశాఖపట్నం. డాల్ఫిన్స్ నోస్ అనే కొండ దక్షిణ దిశనుండి వచ్చే అలలకు అడ్డుగా నిలుస్తుంది. లోపలి రేవు కొండ వెనుక, ఇరుకైన ప్రవేశ మార్గం చివర ఉన్నది. రేవు నిర్మాణ సమయంలో ఈ మార్గంలోకి ఇసుక రాకుండా రెండు పాత ఓడలను రాళ్ళతో నింపి సముద్రంలో ముంచారు. 1976లో రాతి కట్టలతో కూడిన వెలుపలి రేవు వాడుకలోకి వచ్చినది. లోతు విషయంలో ఏ విహార పడవకూ ఇక్కడ ఇబ్బంది లేదు.

ఇబ్బంది అంతా స్థలానిది. లోపలి రేవును భారత నౌకాదళపు తూర్పు కమాండు, హిందుస్థాన్ షిప్‌యార్డు, వాణిజ్య ఓడలు పంచుకుంటాయి. నౌకాదళ ప్రాంతాలలో పౌర పడవలకు ప్రవేశం లేదు. వెలుపలి రేవు పక్కనున్న చేపల రేవు మరపడవలతో కిక్కిరిసి ఉంటుంది. తూర్పు తీరంలో ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట నిషేధింపబడుతుంది. ఆ రోజులలో మరపడవలన్నీ రేవులోనే ఉండడంవలన మరొక పడవకు చోటు దొరకదు. పడవలు ఒకదానికొకటి ఆనుకొని ఉండటంలోని ప్రమాదం 2023 నవంబరు 19 రాత్రి బయటపడినది. ఆ రాత్రి చేపల రేవులో చెలరేగిన మంటలలో పదుల సంఖ్యలో పడవలు దగ్ధమైనవి.

2023 సెప్టెంబరులో విశాఖ రేవులో అంతర్జాతీయ క్రూయిజ్ టెర్మినల్ ప్రారంభమైనది. ఇది వందలాది ప్రయాణికులను మోసే పెద్ద విహార ఓడల కొరకు నిర్మించినది. చిన్న పడవల మెరీనా కాదు.

నగరానికి ఉత్తరాన ఉన్న ఋషికొండ తీరం 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు పొందినది. అక్కడ పర్యాటకులకు వేగపడవల విహారం లభిస్తుంది. అయితే ఋషికొండ రేవు కాదు, బహిరంగ తీరం. పడవను ఇసుక మీదినుండి కెరటాలలోకి తోసి బయలుదేరాలి, తిరిగి కెరటాల మీదుగానే ఒడ్డుకు రావాలి. తేలికపాటి పడవలకు, ప్రశాంతమైన రోజులకు మాత్రమే ఇది తగినది.

భీమునిపట్నం, కళింగపట్నం

గోస్తనీ మొగ వద్ద భీమునిపట్నం, వంశధార మొగ వద్ద కళింగపట్నం ఉన్నవి. ఇవి పూర్వపు రేవులు, నేడు మత్స్యకార గ్రామాలు, పర్యాటక తీరాలు. మొగలలో ఇసుక మేటలు వేసినందువలన మునుగు లోతు ఎక్కువగల పడవలు లోపలికి రాలేవు. ప్రశాంత సముద్రంలో పగటిపూట కొన్ని గంటలు లంగరు వేయవచ్చునే కాని, రాత్రి నిలుపుటకు తగినవి కావు.

కాకినాడ

కాకినాడ అఖాతానికి ముందు హోప్ దీవి అనే ఇసుక దిబ్బ సుమారు 16 కి.మీ. పొడవున అడ్డంగా ఉన్నది. గోదావరి తెచ్చిన ఇసుక గత రెండు శతాబ్దాలలో పేరుకొని ఇది ఏర్పడినది. మానవుడు కట్టకుండానే ఏర్పడిన అలల అడ్డుకట్ట ఇది. దీనివలన అఖాతం లోపల నీరు శాంతంగా ఉంటుంది. ఓడలు లంగరు స్థలంలో నిలవగా బార్జీలు సరుకును చేరవేసే పద్ధతి ఇక్కడ చాలాకాలంగా ఉన్నది. 1990లలో లోతైన నీటి రేవు కూడా ఏర్పడినది.

విహార పడవల దృష్ట్యా కాకినాడకు రెండు ఆకర్షణలు ఉన్నవి. మొదటిది హోప్ దీవి ప్రయాణం. రెండవది కోరంగి అభయారణ్యంలోని మడ అడవుల మధ్య కాలువలలో పడవ విహారం. అఖాతం ఏటేటా పూడిపోతుండటం ఇక్కడి లోపం. చదునైన అడుగు కలిగిన పడవలకు ఇది స్వర్గం వంటిది. కీల్ ఉన్న తెరచాప పడవలు రేవు మార్గాన్ని విడిచిపెట్టకూడదు. హోప్ దీవి మీద, పరిసర తీరంలో ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు జనవరి నుండి గుడ్లు పెడతాయి. ఆ కాలంలో పడవల వేగం తగ్గించడం, రాత్రివేళ తీరంలో దీపాలు వేయకుండా ఉండటం అవసరం.

గోదావరి పాయలు

గౌతమి ఒడ్డున యానాం, వశిష్ఠ ఒడ్డున నరసాపురం, మొగ సమీపంలో అంతర్వేది ఉన్నవి. నదిలోపల నీరు నెమ్మదిగా, ఒడ్డు పచ్చగా ఉంటుంది. కోనసీమలోని దిండి వద్ద ఇంటిపడవల విహారం ప్రసిద్ధి పొందినది. సముద్రం నుండి మొగ దాటి లోపలికి రావడం మాత్రం అనుభవం ఉన్నవారికే సాధ్యం. నది నీరు బయటకు, అల లోపలికి ఎదురెదురుగా వచ్చే సమయంలో మేట మీద కెరటాలు నిటారుగా లేస్తాయి. పోటు నిండే వేళలో దాటడం క్షేమకరం.

మచిలీపట్నం నుండి పులికాట్ వరకు

మచిలీపట్నం ఎదుట సముద్రం బహుదూరం వరకు లోతు తక్కువ. పూర్వం ఓడలు కొన్ని మైళ్ళ దూరంలోనే ఆగిపోయేవి. 2023లో ఇక్కడ కొత్త రేవు నిర్మాణానికి శంకుస్థాపన జరిగినది. గిలకలదిండి, నిజాంపట్నం చేపల రేవులు మరపడవలకు ఉద్దేశింపబడినవి. ఆపద సమయంలో ఆశ్రయంగా మాత్రమే వీటిని లెక్కించవచ్చును. బాపట్ల సమీపంలోని సూర్యలంక, నెల్లూరు సమీపంలోని మైపాడు బహిరంగ తీరాలు.

నెల్లూరు జిల్లాలోని కృష్ణపట్నం రేవు 2008 నుండి పనిచేస్తున్నది. లోతైనది, రక్షణ కలది. అయితే పూర్తిగా వాణిజ్య అవసరాలకు చెందినది. ఇంకా దక్షిణాన పులికాట్ సరస్సు ఉన్నది. ఉప్పునీటి సరస్సులలో ఇది దేశంలో చిలికా తర్వాత రెండవది. సగటు లోతు సుమారు ఒక మీటరు కనుక చదును పడవలకే తగినది. తడ సమీపంలోని భీమునివారిపాలెం వద్ద పడవ విహారం ఉన్నది. సరస్సుకు, సముద్రానికి మధ్యనున్న శ్రీహరికోటలో రాకెట్ ప్రయోగాలు జరిగే సమయంలో ఎదుటి సముద్రంలో పడవల సంచారాన్ని నిషేధిస్తారు.

దూరాల లెక్క

తెరచాప పడవ సగటు వేగం 5 నాట్లు, అనగా గంటకు సుమారు 9 కి.మీ. అనుకుంటే విశాఖపట్నం నుండి కాకినాడకు సుమారు 15 గంటలు పడుతుంది. తెల్లవారుజామున బయలుదేరితే అదే రాత్రికి చేరవచ్చును. కాకినాడ నుండి కృష్ణపట్నం వరకు డెల్టాల చుట్టూ తిరిగి వెళ్ళాలి. ఆ దూరం 400 కి.మీ.కు పైగా ఉంటుంది. దాదాపు రెండు రాత్రులు, రెండు పగళ్ళు ఆగకుండా ప్రయాణించాలి. ఈ మధ్యలో కీల్ ఉన్న పడవ నిశ్చింతగా ఆగగల విహార రేవు లేదు. ఆంధ్ర తీరం వెంబడి యాట్లలో యాత్ర చేసేవారు అరుదుగా ఉండటానికి ఇది ముఖ్య కారణం.

మెరీనా లేకపోవడానికి కారణాలు

భారతదేశంలో మెరీనాలు చాలా తక్కువ. కేరళలోని కొచ్చి వద్ద బోల్గట్టి దీవిలో ఒక మెరీనా ఉన్నది. కొచ్చిలో వేంబనాడు కాయలు సహజమైన రక్షణను ఇస్తున్నది. బంగాళాఖాతానికి అవతలి ఒడ్డున థాయిలాండ్‌లోని ఫుకెట్, మలేసియాలోని లంకావి ప్రాంతాలలో మెరీనాల చుట్టూ పెద్ద పర్యాటక వ్యాపారం వృద్ధి చెందినది. అక్కడ దీవులు దగ్గరదగ్గరగా ఉండి, ఒక్క పగటి ప్రయాణంలో ఒక రేవు నుండి మరొక రేవుకు చేరగలగడం దీనికి దోహదం చేసినది.

ఆంధ్ర తీరంలో అటువంటి దగ్గరదగ్గరి దీవులు లేవు, రేవులు దూరదూరంగా ఉన్నవి, ఇసుక తవ్వకం ఖర్చు ఎక్కువ, తుఫానుల భయం ఉన్నది, సొంత విహార పడవలు కలవారు కొద్దిమంది. రక్షణ కలిగిన ఒకే ఒక గొప్ప రేవు నౌకాదళానికి కీలక స్థావరం. తీరప్రాంత క్రమబద్ధీకరణ నిబంధనలు 1991లో మొదలై, 2011, 2019లలో సవరింపబడినవి. తీరంలో ఏ నిర్మాణానికైనా వీటి ప్రకారం అనుమతి అవసరం. అన్నిటినీ మించి, తీరం మత్స్యకారుల జీవనాధారం. వారి తెప్పలు నిలిపే స్థలాన్ని, వలలు ఆరబెట్టుకునే ఇసుకను తీసుకొని విహార రేవును కట్టడం న్యాయమా అన్న ప్రశ్న ప్రతి ప్రతిపాదన వెంట వస్తుంది. చేపల రేవుల విస్తరణలో భాగంగానే విహార పడవలకు కొద్ది స్థలం కేటాయించడం ఈ రెంటికీ మధ్యేమార్గం కాగలదు.

లోతట్టు జలాలలో విహారం

సముద్రంలో రేవులు లేని లోటును నదులు, జలాశయాలు తీర్చుతున్నవి.

పాపికొండలు: గోదావరి తూర్పు కనుమలను చీల్చుకొని ప్రవహించే ఈ భాగం తెలుగు రాష్ట్రాలలో అత్యంత ప్రసిద్ధమైన లాంచీ ప్రయాణం. పోలవరం ప్రాజెక్టు నిర్మాణం తర్వాత లాంచీలు ఎగువనున్న గండి పోచమ్మ నుండి, భద్రాచలం వైపు పోచవరం నుండి బయలుదేరుతున్నవి.

విజయవాడ: ప్రకాశం బ్యారేజి ఎగువన నీటిమట్టం దాదాపు స్థిరంగా ఉంటుంది. కనుక భవానీ ద్వీపానికి పడవలు నడపడం, రేవు మెట్లు నిర్వహించడం సులభం. వరద కాలంలో విహారాన్ని నిలిపివేస్తారు.

నాగార్జున సాగర్, శ్రీశైలం: సాగర్ నుండి నాగార్జునకొండ ద్వీపంలోని ప్రదర్శనశాలకు లాంచీలు నడుస్తున్నవి. నీరు నిండుగా ఉన్న నెలలలో శ్రీశైలం వరకు కూడా లాంచీ ప్రయాణం ఏర్పాటు చేస్తారు.

హుస్సేన్ సాగర్: తెరచాప క్రీడ హైదరాబాదులో స్థిరపడటం విశేషం. జూన్ నుండి ఆగస్టు వరకు వీచే నైరుతి గాలి, అలలు లేని నీరు క్రీడా పడవలకు అనుకూలిస్తాయి. సైన్యపు ఇ.ఎం.ఇ. సెయిలింగ్ అసోసియేషన్, సికిందరాబాద్ సెయిలింగ్ క్లబ్, 2009లో ఏర్పడిన యాట్ క్లబ్ ఆఫ్ హైదరాబాద్ ఇక్కడ శిక్షణ, పోటీలు నిర్వహిస్తున్నవి. పేద కుటుంబాల పిల్లలు ఇక్కడ ఆప్టిమిస్ట్ వంటి చిన్న పడవలలో నేర్చుకొని జాతీయ పోటీలకు ఎదిగారు.

కరీంనగర్, సిరిసిల్ల, జగిత్యాల ప్రాంతం: జగిత్యాల జిల్లాలోని గొల్లపల్లి వంటి మండలాలు సముద్రానికి సరళ రేఖలో 300 కి.మీ.కు పైగా దూరంలో ఉన్నవి. వీరికి దగ్గరి నీరు ధర్మపురి వద్ద గోదావరి, కరీంనగర్ వద్ద దిగువ మానేరు జలాశయం, సిరిసిల్ల వైపు మధ్య మానేరు జలాశయం. దిగువ మానేరులో పడవ విహారం చాలాకాలంగా ఉన్నది. జలాశయాలలో నీటిమట్టం వానాకాలానికి, వేసవికి మధ్య అనేక మీటర్లు మారుతుంది. స్థిరమైన మెట్ల రేవు వేసవిలో నీటికి దూరమై బురదలో మిగులుతుంది. సముద్ర మెరీనాలో ఆటుపోట్ల కొరకు వాడే తేలుడు వేదికే ఇక్కడ కూడా సరియైన పరిష్కారం. మధ్య మానేరు కింద పలు గ్రామాలు మునిగినవి. నీరు తగ్గినప్పుడు మొండి గోడలు, చెట్ల మోడులు నీటి పైపొర కిందనే ఉండి పడవ అడుగును చీల్చే అవకాశం ఉన్నది. గుర్తులు పెట్టిన దారిని తప్పి పోరాదు.

ప్రమాదాలు

2017 నవంబరు 12న విజయవాడ సమీపంలో కృష్ణా, గోదావరి జలాలు కలిసే పవిత్ర సంగమం వద్ద పడవ తిరగబడి 22 మంది మరణించారు. వీరిలో ఎక్కువమంది ఒంగోలు నుండి విహారానికి వచ్చినవారు. ఆ పడవకు ప్రయాణికులను తీసుకువెళ్ళే అనుమతి లేదు.

2018 మే 15న దేవీపట్నం ప్రాంతంలో గోదావరిపై గాలివానకు లాంచీ మునిగి పలువురు మరణించారు. తలుపులు, కిటికీలు మూసి ఉన్నందున లోపలివారు బయటపడలేకపోయారు.

2019 సెప్టెంబరు 15న అప్పటి తూర్పు గోదావరి జిల్లా దేవీపట్నం మండలం కచ్చులూరు వద్ద రాయల్ వశిష్ఠ అనే లాంచీ మునిగినది. అందులో 77 మంది ఉన్నారు. 26 మంది ప్రాణాలతో బయటపడగా, 51 మంది మరణించారు లేదా గల్లంతైనారు. ఆ రోజున గోదావరిలో సుమారు 5 లక్షల క్యూసెక్కుల వరద ప్రవహిస్తున్నది. కచ్చులూరు వద్ద నది వంపు తిరిగి సుడిగుండాలు ఏర్పడుతాయి. ఒడ్డున ఉన్న గిరిజన గ్రామాలవారు తమ పడవలలో వెళ్ళి మునుగుతున్నవారిని కాపాడారు. అక్టోబరు 22న కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందం లాంచీని వెలికితీసినది.

2024 సెప్టెంబరు మొదటి రోజులలో కృష్ణకు వచ్చిన భారీ వరదలో కట్లు తెగిన పెద్ద పడవలు కొట్టుకువచ్చి ప్రకాశం బ్యారేజి గేట్లను ఢీకొన్నవి. గేట్లకు సంబంధించిన ప్రతిభారపు దిమ్మెలు దెబ్బతిన్నవి. సరిగా కట్టని పడవ తన యజమానికే కాక దిగువనున్న వారందరికీ ముప్పు తేగలదని ఈ సంఘటన తెలుపుతున్నది.

ఈ ప్రమాదాలలో పడవలు, కారణాలు వేరైనా, బయలుదేరకుండా ఆపవలసిన వ్యవస్థ రేవు వద్ద లేకపోవడం పవిత్ర సంగమంలోను, కచ్చులూరులోను సమానం. మెరీనా లేదా క్రమబద్ధమైన రేవు పడవలకు నిలువనీడ మాత్రమే కాదు. ఎవరు ఎక్కారు, ఎందరు ఎక్కారు, వాతావరణం ఎట్లున్నది, పడవ ఎప్పుడు తిరిగిరావాలి అన్న లెక్క ఉండే చోటు.

చట్టాలు, పర్యవేక్షణ

లోతట్టు జలాలలోని యాంత్రిక పడవలకు చాలాకాలం 1917 నాటి చట్టం వర్తించినది. దాని స్థానంలో 2021లో కొత్త అంతర్దేశీయ నౌకల చట్టం వచ్చినది. పడవ దృఢత్వ పరీక్ష, నమోదు, బీమా, నడిపేవారికి యోగ్యతా పత్రం, ప్రాణరక్షణ సామగ్రి దీని ప్రకారం తప్పనిసరి. కచ్చులూరు ప్రమాదం తర్వాత ఆంధ్ర ప్రదేశ్ ప్రభుత్వం 2020 జూన్‌లో పడవల నియంత్రణ గదులను 9 చోట్ల ప్రారంభించినది. వీటిలో గండి పోచమ్మ, పోచవరం, రాజమండ్రి, ఋషికొండ, నాగార్జున సాగర్, శ్రీశైలం ఉన్నవి.

సముద్రంపై అన్వేషణ, రక్షణ బాధ్యత భారత తీర రక్షక దళానిది. దాని అత్యవసర ఫోను సంఖ్య 1554. తీర భద్రతకు సంబంధించిన సమాచారం 1093కు తెలుపవచ్చును. మెరైన్ వి.హెచ్.ఎఫ్. రేడియోలో ఆపద పిలుపుకు 16వ చానెల్ కేటాయింపబడినది. అలల ఎత్తు, గాలి, ప్రవాహాల ముందస్తు సూచనలను హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవా కేంద్రం వెలువరిస్తున్నది. 1999లో ఏర్పడిన ఈ సంస్థ సునామీ హెచ్చరికలు కూడా జారీ చేస్తుంది.

ప్రయాణికులు గమనించవలసిన విషయాలు

* పడవ మీద నమోదు సంఖ్య, అనుమతించిన ప్రయాణికుల సంఖ్య రాసి ఉన్నవో లేదో చూడాలి. ఎక్కినవారి పేర్లు రేవు వద్ద నమోదు కావాలి.
* లైఫ్ జాకెట్టును పడవ ఎక్కకముందే తొడుగుకొని, పట్టీలు బిగించుకోవాలి. సీటు కింద ఉన్న జాకెట్టు మునిగే వేళ చేతికి అందదు. పిల్లలకు వారి బరువుకు తగిన జాకెట్టు ఉండాలి.
* దృశ్యం చూచుటకై అందరూ ఒకే వైపుకు చేరరాదు. పై అంతస్తులో బరువు పెరిగిన కొలది పడవ తిరగబడే గుణం పెరుగుతుంది.
* మూసిన గదిలో కూర్చుంటే బయటికి దారి ఎటో ముందే చూచుకోవాలి.
* నదిలో వరద హెచ్చరిక, సముద్రంలో తుఫాను హెచ్చరిక ఉన్నపుడు ప్రయాణం వాయిదా వేయాలి. చెల్లించిన రుసుము పోవడం చిన్న నష్టం.
* సొంత పడవ కలవారు వెళ్ళే దారి, తిరిగివచ్చే సమయం ఒడ్డున ఉన్న ఒకరికి తెలిపి వెళ్ళాలి. పడవ మునుగు లోతుకు, మార్గంలోని లోతుకు మధ్య కనీసం ఒక మీటరు తేడా ఉండేటట్లు చూచుకోవడం మంచిది.
* రాత్రివేళ తీరానికి దగ్గరగా ప్రయాణించరాదు. దీపాలు లేని వేట పడవలు, పరచిన వలలు ఎదురవుతాయి.

దూర నౌకాయానంలో తెలుగువారు

భారత నౌకాదళానికి చెందిన ఐ.ఎన్.ఎస్.వి. తారిణి అనే తెరచాప పడవలో ఆరుగురు మహిళా అధికారులు 2017 సెప్టెంబరు 10న గోవా నుండి బయలుదేరి, ప్రపంచాన్ని చుట్టి 2018 మే 21న తిరిగివచ్చారు. 254 రోజుల ఈ యాత్రలో వారు సుమారు 21,600 నాటికల్ మైళ్ళు ప్రయాణించారు. లెఫ్టినెంట్ కమాండర్ వర్తికా జోషి నాయకత్వం వహించిన ఈ బృందంలో విశాఖపట్నానికి చెందిన పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదుకు చెందిన బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. దక్షిణ మహాసముద్రపు తుఫానులను దాటిన ఈ పడవ పొడవు సుమారు 17 మీటర్లు మాత్రమే. ఫ్రీమాంటిల్, లిటెల్టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్ టౌన్ రేవులలో అది ఆగి మరమ్మత్తులు, సరుకులు సమకూర్చుకున్నది.

ఇవి కూడా చూడండి

* విశాఖపట్నం రేవు
* హోప్ దీవి
* కోరంగి అభయారణ్యం
* బకింగ్‌హాం కాలువ
* పాపికొండలు
* పులికాట్ సరస్సు
* హుస్సేన్ సాగర్
* దిగువ మానేరు జలాశయం